శుక్రవారం సాయంత్రం బయలుదేరేవాళ్లకు

మా చెల్లెలి కూతురు, అల్లుడు ఫ్రీమాంట్‌లో కాపురం పెట్టారు. గురువారం వచ్చిందంటే ఆ అమ్మాయి ఫోను మోగుతూనే ఉంటుంది. ఎన్ని కార్లు, ఎవరు ఏం వండుతున్నారు, గదులు ఎవరు బుక్ చేశారు. వింటుంటే నాకు నవ్వూ వస్తుంది, కొంచెం గుబులూ వేస్తుంది. 1990ల మొదట్లో మేమూ ఈ బే ఏరియాకే వచ్చాం. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది ఆయనను పట్టుకుని వచ్చిన డిపెండెంట్ వీసా. యోసెమిటీ, టాహో, మాంటెరే, బిగ్ సర్, షాస్తా అంటూ శని, ఆదివారాల్లో కారు చేరగలిగిన చోటల్లా స్నేహితులతో కలిసి తిరిగాం. ఆ కొండల గురించీ జలపాతాల గురించీ చెప్పడానికి నేనక్కర్లేదు, మీ ఫోన్లలో అన్నీ ఉన్నాయి. ఆ కార్లలో, ఆ మోటెల్ గదుల్లో మా కాపురాలు ఎలా నడిచాయో మాత్రం అందులో దొరకదు. అడక్కుండా సలహాలిచ్చే పెద్దవాళ్లంటే మీ వయసులో నాకూ పడేది కాదు. కాబట్టి నచ్చినంత తీసుకుని మిగతాది వదిలేయండి.

1. చోటు కంటే ముందు తోడును ఎంచుకోండి.

మేము వచ్చిన కొత్తలో తోడును ఎంచుకునే వీలు లేదు. తెలుగు మాట చెవిన పడితే చాలు, ఆగి పలకరించేవాళ్లం. ఇండియన్ స్టోరులో కందిపప్పు సంచుల దగ్గర ఒకరు, లివర్‌మోర్ శివవిష్ణు గుడిలో ప్రసాదం వరసలో ఒకరు, అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో ఒకరు అలా కలిసినవాళ్లే. ఇండియాకు ఫోను చేస్తే నిమిషానికి డాలరు పైనే. అమ్మతో మాట్లాడుతున్నంతసేపూ కళ్లు గడియారం మీదే ఉండేవి. బాగున్నారా, బాగున్నాం అనుకునేలోగా పెట్టేయాల్సి వచ్చేది. అందుకని శనివారం పొద్దున్నే నలుగురితో కలిసి కారెక్కడం మాకు సాయంకాలం అరుగు మీద చేరి కూర్చున్నట్టుండేది. ఆ మొహం వాచిన రోజుల్లో ఎవరు ఎలాంటివారని చూసుకోలేదు.

ఒక మెమోరియల్ డే సెలవులకు పెద్ద గుంపుగా యోసెమిటీ వెళ్లాం. ఆ లోయ పొడవు ఏడు మైళ్ల పైచిలుకు, వెడల్పు మైలు లోపే. లాంగ్ వీకెండ్‌లో ఒక కారుకు పార్కింగ్ దొరికేసరికి మిగతా కార్లు ఎటు పోయాయో తెలియదు. చేతుల్లో సెల్‌ఫోన్లు లేని రోజులు. ఒకరికి టీ కావాలి, ఒకరు వెర్నల్ ఫాల్ ఎక్కాలి, ఒకరి పిల్లాడికి కడుపునొప్పి. పొద్దంతా ఒకరినొకరు వెతుక్కున్నాం. సాయంత్రానికి అందరం సెంటినెల్ వంతెన మీద చేరాం. ఎదురుగా హాఫ్ డోమ్ ఎర్రబడుతోంది గానీ, తల ఎత్తి చూసే ఓపిక ఎవరికీ లేదు. అందరూ ఎవరో ఒకరి మీద కోపంగా ఉన్నారు.

రెండు కుటుంబాలు హాయి, మూడు ఫరవాలేదు, అంతకు మించితే అది ఊరేగింపు. ఇక ఎవరిని పిలవాలన్నదానికి నేను చూసేది ఒక్కటే, కారు ఆగిపోయినప్పుడు ఆ మనిషి ఎలా ఉంటాడని. మా గుంపులో అంత్యాక్షరి పాడని, జోకులు వేయని అన్నయ్యగారొకరు ఉండేవారు. ఈయన్ను ఎందుకు పిలుస్తారా అనుకునేదాన్ని. ఓక్‌డేల్ దాటాక మా టైరు పేలింది. తక్కినవాళ్లంతా తప్పెవరిదో తేలుస్తుండగా ఆయన చొక్కా చేతులు మడిచి జాకీ పెట్టేశారు. ఆ తర్వాత ఆయన రారంటే నాకు ప్రయాణం మీదే మనసు పోయేది కాదు.

2. పులిహోర కలిపిన చేతులకూ సెలవు కావాలి.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి డిక్కీ సర్దితే మగవాళ్ల సన్నాహం అయిపోయినట్టే. మాకు అది గురువారం రాత్రి చింతపండు నానబెట్టడంతో మొదలయ్యేది. పులిహోర, పెరుగన్నం, పూరీలు, బంగాళాదుంప కూర, పిల్లలకు వేరే పప్పన్నం, ఆవకాయ సీసా, కందిపొడి, నెయ్యి డబ్బా, కూలర్‌లో పాలూ పెరుగూ, రైస్ కుక్కరూ, దాని కొలత గ్లాసూ. గుంపులో సగం మంది శాకాహారులు. దారిలో వాళ్లకు దొరికేది ఫ్రెంచ్ ఫ్రైస్, మాంసం తీసేసిన బర్గరు. వండుకుని వెళ్లడం అవసరమే. కానీ ఆ అవసరం కాస్తా ఎప్పుడో పోటీగా మారింది. ఒకావిడ రెండు కూరలు తెస్తే మరొకావిడ మూడు. మోటెల్ గదిలో పోపు వేస్తే పొగకు అలారం మోగేది. దాని కింద తువ్వాలు ఊపుతూ ఇద్దరం, మేనేజరుకు సర్దిచెబుతూ ఒకరం. మగవాళ్లూ పిల్లలూ సరస్సు ఒడ్డున ఉండేవాళ్లు.

యోసెమిటీలో ఇంకో పని. రాత్రిపూట కారులో తిండి ఉంచకూడదు. ఎలుగుబంట్లు వాసన పట్టి కారు తలుపులు వంచేస్తాయి. క్యాంప్‌గ్రౌండులో ఇనుప పెట్టెలుంటాయి, తినేవన్నీ వాటిలో పెట్టి గడియ వేయాలి. టూత్‌పేస్టు, సబ్బు కూడా అందులోకే. ఇన్ని సీసాలూ ఇన్ని పొడులూ ఎందుకు తెచ్చాంరా దేవుడా అని చీకట్లో టార్చిలైటు పళ్ల మధ్య పెట్టుకుని మోసింది మేమే.

ఇందులో మగవాళ్లను తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఈ పద్ధతిని కాపలా కాసి నిలబెట్టినదాన్ని నేనే. కొత్తగా పెళ్లయి వచ్చిన ఒకమ్మాయి తన వంతుకు రెండు బ్రెడ్ ప్యాకెట్లు, జామ్ సీసా తెచ్చింది. “మా వైపు వంట నేర్పి మరీ పంపుతారమ్మా” అన్నాను, నవ్వుతూనే. అందరూ నవ్వారు, ఆ అమ్మాయి కూడా నవ్వింది. తర్వాతి ప్రయాణానికి రాత్రంతా మేలుకుని బూరెలు చేసుకొచ్చింది. బాగున్నాయని మెచ్చుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా దెప్పుడు కంటే ఆ మెచ్చుకోలే ఎక్కువ సిగ్గుగా ఉంది. ఒక పూట వండుకెళ్లండి, తక్కిన పూటలు కొనుక్కోండి, బ్రెడ్ తెచ్చినవాళ్ల బ్రెడ్ తినండి. వండే ఆ ఒక్క పూటా ఆడవాళ్లదే కానక్కర్లేదు.

3. డబ్బు లెక్క ఇంటికి చేరేలోగా తేలిపోవాలి.

మా కాలంలో ఒక నోటుపుస్తకం, దాన్ని మోసే ఒక బాధ్యతాయుతుడు. మీకు స్ప్లిట్‌వైజ్ ఉంది. సెంట్లతో సహా అది చెబుతుంది గానీ, ఎవరి జేబు ఎంత బరువో చెప్పదు. అందరికీ జీతాలు ఇంచుమించు ఒకటేనని మేము అనుకునేవాళ్లం. మా ఆయన స్నేహితుడొకరు ఏదో ఒక సాకు చెప్పి రావడం మానేశారు. గర్వం పెరిగిందనుకున్నాం, ఆ మాట నలుగురిలో అన్నాం కూడా. తర్వాత చాలాకాలానికి తెలిసింది, ఆ ఏడు ఆయన చెల్లెలి పెళ్లి అప్పు తీరుస్తున్నారని. మేము సరస్సుకు ఎదురుగా ఉన్న గదే కావాలని ఎంచుకున్నప్పుడల్లా ఆయన వంతు కూడా పెరిగేది. గది ఎంచుకునే ముందే ధర అందరికీ చెప్పండి. కాదనే వీలు మనిషికి ముందే ఇవ్వాలి. బీరు తాగనివాళ్ల మీద బీరు ఖర్చు వేయకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు.

4. స్టీరింగు దగ్గర మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది.

టాహోకు వెళ్లే ఇంటర్‌స్టేట్ 80 డోనర్ శిఖరం దగ్గర 7,200 అడుగుల పైకి ఎక్కుతుంది. మంచు ఎక్కువగా పడిన రోజు చక్రాలకు చైన్లు లేనిదే చాలా కార్లను పోనివ్వరు. వేసుకున్నాక గంటకు పాతిక, ముప్ఫై మైళ్లకు మించి పోకూడదు. తెనాలి మనుషులం, మాకు తెలిసిన మంచు సంక్రాంతి ముందు పొద్దుటిపూట పొలాల మీద కమ్మే పొగమంచే. చైన్లు కొన్నాం. ఇంటి దగ్గర ఒకసారి వేసి చూడండి అంటే, “డబ్బా మీద బొమ్మ ఉందిగా” అన్నారు మా ఆయన. కొండ మీద చీకట్లో, గాలికి కళ్లు తెరవలేని చోట ఆ బొమ్మ కనబడలేదు. పక్కన ఆగిన ఒక ట్రక్కు డ్రైవరు జాలిపడి వేసిపెట్టాడు.

అక్కడికి దగ్గర్లోనే, డోనర్ సరస్సు పక్కన ఒక స్మారకం ఉంది. 1846లో ఎడ్లబళ్ల మీద కాలిఫోర్నియాకు వలస వస్తున్న కుటుంబాలు, దగ్గర దారి అని ఒకరు చెప్పిన మాట నమ్మి అటు మళ్లాయి. అది దూరమైంది, వారాల తరబడి ఆలస్యమైంది, ఈ కొండలెక్కేసరికి మంచు కప్పేసింది. ఎనభై మందికి పైగా ఉన్న ఆ గుంపులో దాదాపు సగం మంది వసంతాన్ని చూడలేదు. స్మారకం పీఠం ఎత్తు 22 అడుగులు, ఆనాటి మంచు లోతు తెలియడానికి అంత ఎత్తున కట్టారు. అక్కడికి ఎవరిని తీసుకెళ్లినా నేను ఆ దగ్గర దారి సంగతే చెబుతాను. ప్రతి గుంపులోనూ దగ్గర దారి తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఆయన్ను ఆపడానికి ఎవరికీ నోరు రాదు.

మంచు కంటే నేను ఎక్కువ భయపడేది ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణానికి. రెండు రోజుల నడక, సరిగా లేని నిద్ర, పొద్దున్నే ఆఫీసు. నడిపే మనిషికి తల వాలుతుంటుంది. పక్కవాళ్లు చూస్తారు. కానీ మీరు దిగండి, నేను నడుపుతానంటే ఆయన చిన్నబుచ్చుకుంటాడేమోనని ఊరుకుంటారు. ఒకసారి మా వ్యాను చక్రాలు రోడ్డు అంచున గరగరమన్నప్పుడు గానీ లోపలివాళ్లెవరికీ మెలకువ రాలేదు. నడుపుతున్నాయన కూడా అప్పుడే లేచారు. అప్పటికి మాలో చాలామంది ఆడవాళ్లకు డ్రైవింగ్ రాదు. వచ్చినవాళ్లం పగటిపూట ఇండియన్ స్టోరు దాకానే. మీరు అలా కాదని తెలుసు, అయినా చెబుతాను, హైవే మీద, చీకట్లో, కొండ మలుపుల్లో ఇద్దరికీ చేయి అలవాటవ్వాలి. ఆదివారం మధ్యాహ్నం భోజనం అవగానే బయలుదేరండి. సూర్యాస్తమయం వచ్చే వారం కూడా ఉంటుంది.

5. నీళ్ల దగ్గర అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదు.

పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్లు ఊరికే అనలేదు. సియెర్రా కొండల్లో మంచు కరిగే మే, జూన్ నెలల్లో యోసెమిటీ జలపాతాలు నిండుగా దూకుతాయి. 2,425 అడుగుల యోసెమిటీ ఫాల్స్ చాలా ఏళ్లు ఆగస్టుకల్లా ఎండిపోతుంది. కాబట్టి అందరం ఆ నెలల్లోనే వెళ్తాం. పైన కరిగిన ఆ మంచే కింద మెర్సెడ్ నదిలో పారేది. మోకాలి లోతు అనిపిస్తుంది. దిగితే కాలు నిలవనివ్వదు, ఒళ్లు కొయ్యబారిపోతుంది, ఈత వచ్చినవాళ్లకూ ఊపిరి అందదు. మనలో ఈత వచ్చినవాళ్లే తక్కువ.

ఆ నది ఒడ్డునే మేము చాపలు పరుచుకుని భోజనాలకు కూర్చున్నాం. తల్లులు వడ్డిస్తున్నారు, పిల్లలు తండ్రుల దగ్గరున్నారనుకున్నారు. తండ్రులు కెమెరాలో రీలు మారుస్తున్నారు, పిల్లలు తల్లుల దగ్గరున్నారనుకున్నారు. అంత పెద్ద గుంపులో ఒక నాలుగేళ్ల పిల్లవాడు నీళ్ల వైపు నడిచి వెళ్లడం ఎవరూ చూడలేదు. కాస్త దూరంలో పుస్తకం చదువుకుంటున్న ఒక ముసలాయన లేచి, చొక్కా కాలరు పట్టుకుని లాగి, మాకు అప్పగించి, ఒక్క మాట అనకుండా వెళ్లి మళ్లీ పుస్తకం తెరిచాడు. ఆయన తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాళ్లం.

2011 జులైలో వెర్నల్ ఫాల్ అంచున కంచె దాటి నీళ్లలోకి దిగిన ముగ్గురు జలపాతంలో కొట్టుకుపోయారు. వాళ్లూ గుంపుగా వచ్చినవాళ్లే. ఇక సముద్రం సంగతి. ఉత్తర కాలిఫోర్నియా తీరంలో నీళ్లు ఏడాది పొడవునా చల్లనివే. అలలు చాలాసేపు బుద్ధిగా వచ్చిపోతుంటాయి, ఉన్నట్టుండి ఒకటి ఎత్తుగా వచ్చి పొడి ఇసుక మీద నిలబడ్డ మనిషిని కూడా లాక్కుపోతుంది. సముద్రానికి వీపు పెట్టకండని బోర్డులు పెట్టారు. గ్రూప్ ఫొటోకు మనం నిలబడేది సరిగ్గా అలాగే. నీళ్లున్న చోట దిగగానే అరగంటకొకరి చొప్పున వంతు వేయండి, పేరు పెట్టి మరీ. ఆ అరగంట ఆ మనిషికి ఫోనూ లేదు, కబుర్లూ లేవు, వడ్డించే పనీ లేదు.

6. నలుగురి ముందు ఒకరినొకరు నవ్వులపాలు చేసుకోకండి.

వ్యానులో కాలక్షేపానికి అన్నిటికంటే సులువుగా దొరికేది పక్కనున్న భార్యో, భర్తో. ఈమెకు దారి చెప్పడం రాదు, ఈయనకు బేరం రాదు, ఈమె చేసిన ఇడ్లీతో టైరు ఆపవచ్చు. అన్నవాళ్లు మరిచిపోతారు. పడినవాళ్లు సోమవారం కూడా మోస్తుంటారు. మా ఆయన ఎప్పుడూ ఈ పని చేయలేదు. నేను చేశాను, బాగానే నవ్వించాను.

7. గుంపులో ఉన్నంత మాత్రాన ఇద్దరూ కలిసి ఉన్నట్టు కాదు.

మేము కూర్చునే పద్ధతి ఒకటుండేది. ముందు సీట్లలో మగవాళ్లు, వెనక ఆడవాళ్లూ పిల్లలూ. రెండు కార్లయితే మగవాళ్లంతా ఒక దాంట్లో, మేమంతా ఒక దాంట్లో. మా కారు నడిపే వంతు పడిన మగమనిషి మౌనవ్రతం పట్టేవాడు. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా జరిగిపోయేది. అటు స్టాక్ ఆప్షన్లు, గ్రీన్‌కార్డు తేదీలు, మేనేజర్ల గుణగణాలు. ఇటు బడులు, అత్తగార్లు, కూపన్లు. శుక్రవారం రాత్రి ఇంటికి తాళం వేశాక ఆదివారం రాత్రి తీసేదాకా ఆయనా నేనూ మాట్లాడుకునేది మందు వేశావా, సంచి ఎక్కడ పెట్టావు, ఇంతే. నవ్వులు మాత్రం బోలెడు. అందరితో కలిసి నవ్వేవాళ్లం కాబట్టి ఇద్దరం బాగానే ఉన్నామనుకునేవాళ్లం.

పెళ్లికి ముందు నేను తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినదాన్ని. 2015 నుంచి గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వెళ్లినవాళ్ల భార్యలకు, భర్తలకు పని చేసుకునే అనుమతి వచ్చింది. మా రోజుల్లో డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు జీతం వచ్చే పని ఏదీ చేయకూడదు. వారమంతా కిటికీలోంచి పార్కింగ్ స్థలం చూస్తూ, ఎవరి కారు ఎన్నింటికి వస్తుందో కంఠస్థం అయిపోయింది. నాకు ఊపిరాడటం లేదని ఆయనతో చెప్పాలని ఎన్నో శుక్రవారాలు అనుకున్నాను. ఈలోగా కింద స్నేహితుల కారు వచ్చి ఆగేది. నిజం చెప్పాలంటే, కారు రావాలనే ఎదురుచూసేదాన్ని. చెప్పడం వాయిదా పడేది కదా.

ఆయనా అంతే. కంపెనీలో తన ప్రాజెక్టు మూసేస్తున్నారన్న సంగతి నాకంటే ముందు ఆయన స్నేహితులకు తెలుసు. టాహోలో వాళ్లలో ఒకరి భార్య నా చేయి పట్టుకుని, “ఏం కంగారుపడకు వదినా, వేరే చోట వచ్చేస్తుంది” అన్నప్పుడు నాకు తెలిసింది. తెలిసినట్టే తల ఊపాను. ఆ ఊపడంలో నాకు పట్టిన కోపం తగ్గడానికి చాలాకాలం పట్టింది. ఆయన చెప్పనందుకే కాదు, నేను అడిగే మనిషిని కానని ఆయన అనుకున్నందుకు.

పిల్లలు కాలేజీలకు వెళ్లాక మొదటిసారి ఇద్దరమే పాయింట్ రేస్ వెళ్లాం. దారంతా రేడియోయే మాట్లాడింది. అక్కడి లైట్‌హౌస్‌కు 300కు పైగా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. ఎక్కేటప్పుడు ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, “నీకు సముద్రం ఇష్టమని ఇన్నేళ్లూ ఇటే తీసుకొస్తున్నాను గానీ, ఈ చలిగాలి నాకు అస్సలు పడదు” అన్నారు. నాకూ పడదు. ఆయనకు ఇష్టమని నేను మాంటెరేలో, హాఫ్ మూన్ బేలో, బొడేగాలో స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని నిలబడ్డాను. ఒక్క ప్రశ్నతో తేలిపోయే సంగతి. సముద్రం గురించి ఇప్పుడు ఇద్దరం నవ్వుకుంటాం. నవ్వుకోలేనివి కూడా కొన్ని అలాగే అడక్కుండా ఉండిపోయాయి, వాటిని ఇక్కడ రాయను.

నెలలో ఒక శనివారం ఎవరినీ పిలవకండి. దూరం పోనక్కర్లేదు, ఫ్రీమాంట్ పక్కన కొయొటీ హిల్స్ చుట్టూ నడిచి రండి చాలు. “ఏం, మమ్మల్ని వదిలేశారా?” అంటారు. అననివ్వండి. ఆ నడకలో మొదటి గంట మాటలేమీ దొరకకపోతే కంగారుపడకండి, మాకు పాయింట్ రేస్ దాకా దొరకలేదు.

8. అమ్మానాన్నలను గుంపు వెనక పరుగెత్తించకండి.

మా నాన్న పల్లెటూరి బడి పంతులు. ఒకే ఒక్కసారి వచ్చి ఆరు నెలలున్నారు. అంత దూరం నుంచి వచ్చారు కదా, అన్నీ చూపించాలి. ప్రతి వారాంతం మా గుంపుతోనే తీసుకెళ్లాం. ఆయన మోకాళ్లు మా పిల్లల కాళ్లను అందుకోలేవు. దిగిన చోటల్లా మేము కొండెక్కేవాళ్లం, ఆయన వ్యానులో కూర్చునేవారు. విసుక్కునే మనిషి కాదు. టాహో ఒడ్డున మాత్రం కుర్చీ వేయించుకుని, ఆ నీలం చూస్తూ ఎంత లోతమ్మా ఇది అని అడిగారు. 1,645 అడుగులని బోర్డు మీది అంకె చదివి చెప్పాను. “ఇంకాసేపు కూర్చుందామా?” అన్నారు. ఎమరాల్డ్ బేలో తక్కినవాళ్లు ఎదురుచూస్తున్నారు. మళ్లీ వద్దాంలే నాన్నా అన్నాను. మళ్లీ వెళ్లలేదు. ఊరికి తిరిగి వెళ్లాక అమెరికాలో ఏం చూశారు మేష్టారూ అని ఎవరడిగినా ఆ సరస్సు లోతు చెప్పేవారట. తక్కిన చోట్ల పేర్లు ఆయనకు గుర్తు లేవట.

పెద్దవాళ్లు వచ్చిన నెలల్లో గుంపును కాస్త పక్కన పెట్టండి. ఒక చోటు, ఒక కుర్చీ, తొందరలేని మధ్యాహ్నం. వాళ్లు చూడాలనుకునేది మీ కాపురాన్ని, మిమ్మల్ని. అది వ్యాను వెనక సీట్లోంచి కనబడదు.

9. ఎవరితోనైనా మాట పడితే సోమవారం దాకా ఉంచుకోకండి.

ఈ దేశంలో మన స్నేహాలకు ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేం. 2000లో షేర్ మార్కెట్టు పడిపోయింది, ఆ మరుసటి ఏడంతా ఈ బే ఏరియాలో ఉద్యోగాలు ఊడాయి. ఉద్యోగం పోయాక వీసా మీద ఉండటానికి ఇప్పుడున్నట్టు 60 రోజుల గడువు కూడా అప్పట్లో లేదు. నిన్న మన పక్కన కూర్చుని పాడినవాళ్లు సోఫాలు అమ్మకానికి పెట్టి, కారు ఎవరికో అప్పగించి, టెక్సాస్‌కో హైదరాబాదుకో వెళ్లిపోయారు. ఎంతమందిని సాగనంపామో. విమానాశ్రయం దారి యోసెమిటీ దారి కంటే బాగా వచ్చేసింది మాకు.

అలా వెళ్లినవాళ్లలో ఒక జంట మాకు తోబుట్టువుల కంటే ఎక్కువ. నా రెండో కాన్పు రాత్రి మా పెద్దదాన్ని నిద్రలోనే ఎత్తుకుని వాళ్లింటికి తీసుకెళ్లి, పది రోజులు పెంచారు. వాళ్లతో ఆఖరిసారి వెళ్లింది షాస్తాకు. తిరిగి వచ్చేటప్పుడు మోటెల్ ఖర్చు దగ్గర మాట మాట అనుకున్నాం. పెద్ద మొత్తమేమీ కాదు. ముందు మాట నాదే, చివరి మాట కూడా నాదే. వారం గడిస్తే చల్లబడుతుందిలే అనుకున్నాం. ఆ వారంలోనే వాళ్లాయన ఉద్యోగం పోయింది. సామాను సర్దుకోవడానికి సాయం వెళ్లాం, డబ్బాలకు టేపులు వేశాం, ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే పెద్దమనిషి తరహా అనుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత కూకట్‌పల్లిలో వాళ్లింటికి వెళ్లాం. అన్నయ్యగారు మా ఆయన్ను కౌగిలించుకుని వదల్లేదు. భోజనాలయ్యాక ధైర్యం చేసి షాస్తా సంగతి నేనే కదిపాను, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది అన్నాను. ఆయన నిజంగానే తెల్లబోయారు, “ఏ రోజు? మనకు గొడవ ఎప్పుడైంది చెల్లెమ్మా?” అన్నారు. వదినగారు కంచాలు తీస్తున్నదల్లా ఆగి, ఆ రోజు నేనన్న మాటలు వరస తప్పకుండా చెప్పింది. గొంతులో కోపమేమీ లేదు. నేను మరిచిపోయిన ఒక వాక్యం కూడా అందులో ఉంది.